లోపలి లైటు

ఆ శనివారం పొద్దున నెవిల్ కెర్షా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వ్యాన్ తీయాలి, బోల్టన్ అవతల రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీలో టేపు ఇచ్చేయాలి, మధ్యాహ్నం ఫుట్‌బాల్ మ్యాచి మొదలయ్యేలోపు సొంతూరు క్రాషాకి తిరిగి రావాలి. వారమంతా ఇంటింటికీ తిరిగి గ్యాస్ స్టవ్‌లు బాగుచేసే మనిషికి శనివారం మీద అంతకంటే పెద్ద ఆశలుండవు.

టేపు సంగతి మాత్రం చిన్నది కాదు. నెవిల్ డ్రమ్స్ వాయించే 'డ్యాంప్ సీలింగ్స్' బ్యాండు రెండో రికార్డు అందులో ఉంది. మొదటి రికార్డుని బ్యాండువాళ్ళ అమ్మలూ అత్తలూ కొన్నారు. రెండోదీ అంతే అయితే ఇక మీ దారి మీది, మా దారి మాది అని మాంచెస్టర్ రికార్డు కంపెనీ ఉత్తరం రాసింది. అది 1980. న్యూ వేవ్ అనే కొత్త గాలి వీస్తున్న కాలం. ఆ పాటలు నవ్వకుండా, నడుము కదపకుండా, పన్ను పీకించుకోవడానికి వరసలో కూర్చున్నవాడి ముఖంతో పాడాలి. డ్యాంప్ సీలింగ్స్ వాళ్ళకి ఆ ముఖాలు పుట్టుకతోనే వచ్చాయి. పేరు రావడమే మిగిలింది.

నెవిల్ టీ తాగి లేచేసరికి హెట్టీ పెద్దమ్మ ఇంకో టేపు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎలాగూ వెళ్తున్నావుగా, మాదీ ఇచ్చేసిరా నాయనా."

"మీదేంటి పెద్దమ్మా?"

"మా కొయిర్‌ది. పాస్టర్ గారు రిటైరవుతున్నారు కదా. అక్టోబరు ఆఖరి ఆదివారం టీ పార్టీలో ఇద్దామని. ఆయనకొకటి, చాపెల్‌కొచ్చే ఇళ్ళన్నిటికీ తలా ఒకటి. నూట యాభై చెప్పాను."

పెద్దమ్మ పాడించే కొయిర్ బృందం పాటా, బ్యాండు పాటా, రెండూ చాపెల్ అనే ఆ చిన్న చర్చి వెనక హాల్లోనే, ఒకే మనిషి మెషీన్ మీద రికార్డయ్యాయి. అందుకే రెండు పెట్టెలూ కవల పిల్లల్లా ఉన్నాయి. పెద్దమ్మ తన పెట్టెకి నీలం ఉన్ని దారం కట్టి ముడి వేసింది.

"కలిసిపోతాయేమో, జాగ్రత్త."

"నేనేం చిన్నపిల్లాడినా?"

"చిన్నపిల్లాడివైతే చెప్పేదాన్నే కాదు. అప్పుడు మాట వినేవాడివి."

నెవిల్‌కి ఏడేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి ఓడల్లో పని వెతుక్కుంటూ వెళ్ళి అటే ఉండిపోయాడు. తల్లికి అక్క అయిన హెట్టీ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేది. పెళ్ళి చేసుకోలేదు. పిల్లాణ్ణి ఇంటికి తెచ్చుకుంది. ఏడుపు మానడం లేదని ఖాళీ బిస్కెట్ డబ్బాలు బోర్లించి, రెండు గరిటెలు చేతికిచ్చింది. ఏడుపు ఆగింది, వాయింపు మొదలైంది. పక్కింటివాళ్ళు గోడ మీద బాదితే, "వాడు డబ్బాలే కొడుతున్నాడు, గోడలు కొడుతున్నది మీరు" అని గట్టిగా జవాబిచ్చింది. ఆ సంగతులన్నీ నెవిల్‌కి గుర్తున్నాయి. గుర్తున్నట్టు ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు, అంతే.

దారిలో ఆకలేసి బేకరీ దగ్గర ఆగి మాంసం కూరిన వేడివేడి 'మీట్ పై' ఒకటి కొన్నాడు. రెండు పెట్టెల మీద దాన్ని పెట్టి వ్యాన్ నడిపాడు. మలుపు తిరిగినప్పుడు ఆ మీట్ పై కూడా తిరిగింది. గ్రేవీ ధార కట్టి రెండు పెట్టెల్లోకీ ఇంకడం మొదలైంది. నెవిల్ లబోదిబోమని వ్యాన్ ఆపి, దారం విప్పి, రెండు టేపుల చక్రాలూ బయటికి తీసి సీటు మీద పెట్టి, పెట్టెలు లోపలా బయటా శుభ్రంగా తుడిచి, చక్రాలు మళ్ళీ లోపల పెట్టి, పెద్దమ్మ పెట్టెకి నీలం దారం మళ్ళీ కట్టాడు. ముడి కూడా పెద్దమ్మ వేసినట్టే వేశాడు. ఏ చక్రం ఏ పెట్టెలోకి వెళ్ళిందన్న ఆలోచన ఒక్కటే అతనికి రాలేదు. మ్యాచికి మాత్రం వేళకి చేరాడు.

నాలుగు వారాలకి రికార్డులు తయారయ్యాయి. బ్యాండువి నేరుగా కంపెనీకి, అక్కణ్ణించి రేడియోవాళ్ళకి వెళ్ళాయి. కొయిర్‌వి చాపెల్‌కి వచ్చాయి. పార్టీ రోజున పాస్టర్ గారి ముందే మొదటిసారి వినాలని పెద్దమ్మ ఆ పెట్టెల్ని విప్పనివ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేసింది.

పార్టీ ఇంకా మూడు రోజులుందనగా, గురువారం సాయంత్రం ఏడింటికి బ్యాండు నలుగురూ పాటగాడి ఇంట్లో, వంటగదిలో రేడియో చుట్టూ చేరారు. పాటగాడి పేరు వెక్టర్. అసలు పేరు క్లిఫర్డ్, కానీ ఆ పేరుతో పిలిచే హక్కు వాళ్ళమ్మకి మాత్రమే ఉంది. జుట్టు నిక్కబొడిచి, వెండి రంగు కోటు వేసుకుని, అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చున్నాడు.

"ఇక ఇప్పుడు క్రాషా ఊరి నుంచి డ్యాంప్ సీలింగ్స్. పాట పేరు 'లోపలి లైటు'" అన్నాడు రేడియోలో అనౌన్సరు.

ముసలి ఆర్గన్ ఒకటి ఆయాసపడుతూ ఊపిరి తీసుకుంది. తర్వాత ఇరవైరెండు గొంతులు నిదానంగా, భక్తిగా, పంట చేతికొచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాయి. రెండో చరణం చివర ఆడగొంతులు కొన్ని అరతాళం వెనకబడ్డాయి. ఆ సందులో ఎవరో ఖళ్ళున దగ్గారు.

వంటగదిలో ఎవరూ కదల్లేదు. పాట అయింది.

"నాకు మాటలు రావట్లేదండీ" అన్నాడు అనౌన్సరు. "ఆ దగ్గు విన్నారా? ఇంకెవరైనా అయితే తీసేసేవాళ్ళు. వీళ్ళు ఉంచారు! లోపలి లైటు అని పేరుపెట్టి లైటు మాటే ఎత్తలేదు. ఎంత తెగువ! ఇంకోసారి విందాం."

వెక్టర్ మడతపెడుతున్న తువ్వాలు కిందపడింది. "నెవిల్, ఎవర్రా వీళ్ళు?"

"మా పెద్దమ్మ" అన్నాడు నెవిల్.

"మీ పెద్దమ్మని పీక పిసికి..." అంటుండగా ఫోన్ మోగింది. కంపెనీ నుంచి డ్రాన్స్‌ఫీల్డ్ గారు. ఆయన మాట గదంతా వినిపించింది. "అద్భుతం వెక్టర్! ఇప్పటికే నాలుగు ఫోన్లొచ్చాయి. కొయిర్‌ని పెట్టాలన్న ఆలోచన ఎవరిది?"

తిట్టడానికి తెరిచిన నోరు వెక్టర్ మూసుకున్నాడు. కాస్త ఆగి మళ్ళీ తెరిచాడు.

"నాదేనండీ" అన్నాడు.

నెవిల్‌కి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. అతని కళ్ళముందు చాపెల్ బీరువా ఒక్కటే ఉంది. ఆదివారం టీ పార్టీలో, నలభై ఏళ్ళు ఊరికి సేవ చేసిన పాస్టర్ గారి ముందు, తను బలం కొద్దీ బాదిన డ్రమ్ములూ వెక్టర్ కేకలూ మోగబోతున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ పార్టీ ఏర్పాట్లన్నీ చేస్తున్నది పెద్దమ్మే.

శుక్రవారం పొద్దున టోస్టు ముందు కూర్చుని నెమ్మదిగా కదిపాడు. "పెద్దమ్మా, ఆ రికార్డులో చిన్న పొరపాటుంది. ఆదివారం వేయకుండా ఉంటే మంచిదేమో."

పెద్దమ్మ టీ కెటిల్ కింద పెట్టింది. "దగ్గే కదా?"

"అది కాదు..."

"నాకు చెప్పకురా. ఆ రోజే విన్నాను. మార్జరీ దగ్గింది. ఎవరికీ వినబడదులే అని సర్దిచెప్పుకున్నాను. నీకూ వినబడిందన్నమాట."

అతను నోట్లోని టోస్టు మింగేలోపు ఆమె కోటు తగిలించుకుని ఎదురింటి మార్జరీ తలుపు తట్టింది. మధ్యాహ్నానికి మార్జరీ ముప్ఫై ఏళ్ళ తర్వాత కొయిర్‌కి రాజీనామా ఇచ్చింది. సాయంత్రానికి ఆమెకి మద్దతుగా మరో ముగ్గురు ఇచ్చారు. రేడియోలో పేరొచ్చేసరికి నెవిల్‌కి మన కొయిర్ కంటికి ఆనడం లేదట అని చేపల దుకాణంలో చెప్పుకున్నారు. అలా చెప్పుకున్నవాళ్ళలో ఒక్కరూ రేడియోలో ఆ పాట వినలేదు.

నెవిల్ పరుగెత్తుకెళ్ళి మార్జరీ గుమ్మంలో నిలబడ్డాడు. "ఆంటీ, మీ దగ్గు చాలా బాగుంది. ఒట్టు. అంత మంచి దగ్గు..."

"మీ అమ్మ ఉంటే నీ చెవి మెలిపెట్టేది" అని ఆవిడ తలుపు వేసేసింది.

ఇక మాటల వల్ల లాభం లేదని, శనివారం ఇంటి గోడకున్న మేకు నుంచి తాళంచెవి తీసుకుని నెవిల్ చాపెల్‌కి వెళ్ళాడు. బీరువా తెరిచి మూడు అట్టపెట్టెలూ బయటికి లాగాడు. వ్యాన్‌లో వేసుకుని ఏ చెరువులోనో పారేసి, దొంగలు పడ్డారని చెప్పాలని అతని ఆలోచన. నాలుగో తరగతి పిల్లాడు కూడా అంతకంటే మంచి అబద్ధం చెబుతాడు. మొదటి పెట్టె ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పెద్దమ్మ, చేతినిండా ఎర్ర రిబ్బన్లతో.

"ఒరేయ్ నెవిల్!"

"పెద్దమ్మా, నేను..."

ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. "చెప్పకుండా వచ్చి సాయం చేద్దామనుకున్నావా! నిన్నటి మాటకి బాధపడుతున్నావని నాకు తెలుసురా. దా, కూర్చో. ఒక్కోదానికి రిబ్బన్ కడదాం."

నెవిల్ కూర్చున్నాడు. కుడితిలో పడ్డ ఎలుక అంతకంటే ఏం చేస్తుంది? తన నేరానికి తానే నూట యాభై ఎర్ర రిబ్బన్లు కట్టాడు. యాభయ్యోదాని దగ్గర నిజం చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాడు. అదే సమయానికి పెద్దమ్మ మాట్లాడింది.

"ముప్ఫైమూడేళ్ళు పాడించానురా. ఏ ఆదివారం పాట ఆ ఆదివారమే గాల్లో కలిసిపోయేది. పోనీలే, పాట అంటే అంతేగా అనుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కటి మిగిలింది." ఆమె రికార్డుని గుడ్డతో తుడిచింది, దుమ్మేమీ లేకపోయినా. "మంచివాడివి, తీసుకెళ్ళి ఇచ్చావు."

ఆ మాట విన్నాక నెవిల్ ఇంకో రిబ్బన్ అందుకున్నాడు.

ఆదివారం మూడింటికి హాలు నిండింది. హ్యామ్ శాండ్‌విచ్‌లు, ఊరబెట్టిన ఉల్లిపాయలు, మూడు రకాల కేకులు. పాస్టర్ యాంబ్రోస్ థ్వైట్ గారు ముందు వరసలో, పొడుగాటి మనిషి, చిన్న కుర్చీలో ఒదిగి కూర్చున్నారు. మార్చిలో భార్య ఆగ్నెస్ పోయాక ఆయన ఇంకా సన్నబడ్డారు. మార్జరీ వచ్చింది, కానీ చివరి వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది.

అందరూ శాండ్‌విచ్‌ల మీద పడ్డప్పుడు నెవిల్ రికార్డు ప్లేయర్ ప్లగ్గు విప్పి అందులో ఉండే ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాడు. పెద్దమ్మ లేచి, కాగితం చూడకుండా నాలుగు మంచి మాటలు చెప్పి, రికార్డు మీద ముల్లు పెట్టింది. చప్పుడు లేదు. నెవిల్ గుండె తేలికపడింది.

"ఫ్యూజు పోయుంటుంది" అంటూ పాస్టర్ గారు లేచారు. కోటు జేబులోంచి కొత్త ఫ్యూజు ఒకటి తీశారు. "నలభై ఏళ్ళుగా ఈ హాల్లో పనిచేస్తున్నాను కదమ్మా. ఇది లేకుండా గడప దాటను."

రికార్డు తిరిగింది.

ముందు డ్రమ్ములు. బల్ల మీద కప్పులు గలగలలాడాయి. ఎవరో కేకు ముక్క వదిలేశారు. ఆ వెంటనే వెక్టర్ గొంతు, పొయ్యి మీద మరిగిపోతున్న కెటిల్ ఈలలా లేచింది.

"తలుపు మూశాక లోపలి లైటు
ఉంటుందా, పోతుందా, ఎవరు చూశారు?
సగం నిమ్మకాయ, ఎండిన చీజు ముక్క
చలిలో కూర్చుని ఎవరికై ఎదురు చూశారు?"

పెద్దమ్మ ముఖం సున్నంలా పాలిపోయింది. ముల్లు తీయడానికి చెయ్యి చాచింది. పాస్టర్ గారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనివ్వు హెట్టీ."

పాట మూడు నిమిషాలు. నెవిల్‌కి మూడు చలికాలాలు గడిచినట్టనిపించింది. అయిపోయాక కూడా రికార్డు గరగరమంటూ తిరుగుతూనే ఉంది.

"ఇంకోసారి వేస్తావా అమ్మా?" అన్నారు పాస్టర్ గారు.

రెండోసారి వేశారు. ఈసారి ఎవరూ ఉలిక్కిపడలేదు. వెనక వరసలో ఒకరిద్దరి పాదాలు నేలమీద తాళం కూడా వేశాయి. పాట ఆగాక ఆయన లేచి నిలబడ్డారు. మైకు లేకుండానే అందరికీ వినిపించే గొంతు, ఆ రోజు మాత్రం కాస్త వంగి వినాల్సి వచ్చింది.

"ఆగ్నెస్ పోయాక ఆమె గది తలుపు వేసేశాను. మళ్ళీ తీయలేదు. మీలో ఎంతమంది ఇళ్ళలో చావులప్పుడు వచ్చి మాట్లాడానో మీకు తెలుసు. నాకు నేను ఒక్కమాట చెప్పుకోలేకపోయాను. తలుపు మూశాక ఆ వెలుగు ఉందా, పోయిందా? పాస్టర్ని కదా, అడగడానికి సిగ్గేసింది. ఈ కుర్రాడెవరో సిగ్గుపడకుండా అరిచి అడిగాడు." జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. "జవాబు నాకు తెలీదు. కానీ ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదని ఇవాళ తెలిసింది. థాంక్యూ హెట్టీ. ఎవరూ నాకు ఇలాంటిది ఇవ్వలేదు."

"నాకైతే ఆ సగం నిమ్మకాయ నేనే అనిపించింది" అంది మార్జరీ చివరి వరస నుంచి. హాలంతా గొల్లుమంది. పాస్టర్ గారు కూడా నవ్వారు. మార్చి తర్వాత ఆయన నవ్వడం అదే మొదలని తర్వాత చెప్పుకున్నారు.

నెవిల్ ఇక ఆగలేకపోయాడు. లేచి, గ్రేవీ దగ్గర్నించి రిబ్బన్ల దాకా మొత్తం చెప్పేశాడు. జేబులో ఫ్యూజు కూడా తీసి బల్లమీద పెట్టాడు.

పెద్దమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "మరి మా పాట ఏమైంది?"

అతను జవాబు చెప్పేలోపు హాలు తలుపు ధడాలున తెరుచుకుంది. వెండి కోటుతో, నిక్కబొడిచిన జుట్టుతో వెక్టర్ రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడ దగ్గినావిడ ఎవరండీ?"

మార్జరీ నెమ్మదిగా లేచింది. "నేనే. అయితే ఏంటట?"

"కంపెనీవాళ్ళు మీ గురించే అడుగుతున్నారు! మూడు రోజులుగా రేడియోలో మీ పాటే. లీడ్స్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, మీ దగ్గు వింటుంటే చచ్చిపోయిన వాళ్ళత్త గుర్తొచ్చిందని ఏడ్చాడట. మాంచెస్టర్‌లో స్టేజీ మీద పాడాలి, కొయిర్ మొత్తం రావాలి!"

మార్జరీ ఒకసారి చుట్టూ చూసి, తనకి మద్దతిచ్చిన ముగ్గురివీ కలిపి నాలుగు రాజీనామాలూ వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది.

పాస్టర్ గారు వెక్టర్ దగ్గరికొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "బాబూ, ఆ పాట ఏం తలచుకుని రాశావు?"

"అదా అండీ, ఓ రోజు ఆకలేసి ఫ్రిజ్ తీస్తే చీజ్..." అనబోయిన వెక్టర్ పాదం మీద నెవిల్ బూటు పడింది.

"చీ...కటి" అన్నాడు వెక్టర్, కళ్ళనీళ్ళతో. "చీకటిని తలచుకుని రాశానండీ."

ఆ కన్నీళ్ళు చూసి పాస్టర్ గారు అతన్ని కౌగిలించుకున్నారు.

అందరూ వెళ్ళాక పెద్దమ్మ కప్పులు కడుగుతుంటే నెవిల్ తుడిచి పెడుతూ నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా పెద్దమ్మా?"

"వచ్చింది. రేపు కూడా ఉంటుంది." ఇంకో కప్పు కడిగింది. "పాట ఒకటి మిగలాలనుకున్నాను. మిగిలింది. నేననుకున్న చోట కాదు, అంతే."

"థాంక్స్ పెద్దమ్మా."

"దేనికి?"

"అన్నిటికీ."

"అన్నిటికీ అంటే దేనికీ కాదురా. ఏదో ఒకటి చెప్పు."

నెవిల్ ఆలోచించాడు. "నాకు పదమూడేళ్ళప్పుడు, నా మొదటి పెద్ద డ్రమ్ముని బరీ ఊరి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చావు చూడు. బయట వాన. నీకు కిటికీలోంచి ఏమీ కనబడక ఒక స్టాపు ముందే దిగిపోయావు. అక్కణ్ణించి మోసుకుంటూ నడిచొచ్చావు. దానికి."

పెద్దమ్మ చాలాసేపు అదే కప్పు కడిగింది.

"రెండు స్టాపులు" అంది.

కొయిర్ మాంచెస్టర్ వెళ్ళింది. నల్ల కోట్లు, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళ వెనక వెక్టర్ వంగి నిలబడి భక్తిగీతం పాడాడు. హాల్లోని కుర్రకారు ఈలలు వేసి చప్పట్లు కొడితే పెద్దమ్మ వాళ్ళకి నిశ్శబ్దంగా ఉండమని సైగ చేసింది. వాళ్ళు ఉన్నారు కూడా. కంపెనీ బ్యాండుని ఇంకో రెండేళ్ళు ఉంచుకుంది. క్రాషా ఇళ్ళలోని రికార్డులు తిరిగిస్తే కొయిర్ పాటున్న అసలైనవి ఇస్తామని డ్రాన్స్‌ఫీల్డ్ గారు కబురు పెట్టారు. ఒక్కరూ ఇవ్వలేదు. అలా డ్యాంప్ సీలింగ్స్ అసలు పాట, పంటల పండుగ పాట పేరున్న లేబుల్ కింద, ఆ నూట యాభై ఇళ్ళు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. కానీ ఆ ఇళ్ళలో అరిగిపోయేదాకా మోగింది. సౌత్‌పోర్టులో చెల్లెలింటికి మారిన పాస్టర్ గారు, ఊరు వదిలే ముందు ఆగ్నెస్ గది తలుపు తీసి, కిటికీలు కూడా తెరిచి వచ్చానని పెద్దమ్మకి ఉత్తరం రాశారు.

నవంబరులో చాపెల్ కమిటీ కూర్చుంది. నెవిల్ కెర్షాకి మనఃపూర్వక కృతజ్ఞతలు తెలిపే తీర్మానాన్ని మార్జరీ ప్రతిపాదించగా అందరూ చేతులెత్తారు. ఇకపై చాపెల్‌కి సంబంధించిన ఏ పెట్టె అయినా అతని చేతికి ఇవ్వరాదనే తీర్మానాన్ని హెట్టీ పెద్దమ్మ ప్రతిపాదించగా, ఎత్తిన చేతులు ఎవరూ దించలేదు.